బాషాకి చెప్పకుండా టర్బో

నవంబర్ 9, ఆదివారం

ఉదయం 6:40. మల్కాపురం దాటి యారాడ కొండ ఎక్కుతుంటే కారు విజిల్ వేసింది. కుక్కర్ విజిల్ లాంటిది కాదు. ఎక్కడో దూరంగా అంబులెన్సు వెళ్తున్నట్టు, సన్నగా. యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతోంది. వదిలితే తగ్గుతోంది.

సాయంత్రం 4:00 నుంచి 7:15 వరకు ఫోన్‌లో వీడియోలు. మొత్తం పదకొండు. అందులో హిందీవి నాలుగు, తమిళంది ఒకటి. మాటలు అర్థం కాలేదు గానీ విజిల్ అర్థమైంది. అది టర్బో.

టర్బో అంటే ఏమిటో నా కోసం రాసుకుంటున్నాను. ఇంజను వదిలే పొగ ఒక చిన్న ఫ్యానును తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో ఫ్యాను. అది బయటి గాలిని లాగి ఇంజనులోకి కూరుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. ఆ ఇరుసు నిమిషానికి లక్షసార్లు తిరుగుతుందట. గుప్పిట్లో పట్టేంత వస్తువు. ఇంత చిన్నది నాకు లొంగకపోదు.

తీర్మానం: రేపటి నుంచి ఇరవై ఒక్క రోజులు. నవంబర్ 30 నాటికి టర్బో నా చేత్తో బాగవ్వాలి.

ఆ తేదీ ఎందుకంటే, డిసెంబర్ 1న జ్యోతిర్మయి ఉద్యోగంలో చేరుతోంది. అచ్యుతాపురంలో బట్టల కంపెనీ. కుట్టు లైను సూపర్‌వైజర్. ఇరవై ఏళ్లు ఇంట్లో మిషను మీద వన్ టౌన్ అందరి జాకెట్లూ కుట్టిన మనిషికి ఇప్పుడు నలభై మంది మీద అధికారం. ఉదయం ఎనిమిదికి గేటు దగ్గర ఉండాలి. కంపెనీ బస్సు మా వైపు రాదు. అందుకే రెండు నెలలు డ్రైవింగ్ నేర్చుకుని గత వారం లైసెన్సు తెచ్చుకుంది. కారు తాళం ఇస్తానని మాట ఇచ్చింది నేనే.

నియమాలు:
1. రోజూ 5:30 నుంచి 6:30 వరకు బండి దగ్గర.
2. రోజుకు ఒక పరీక్ష.
3. బాషాకి చెప్పకూడదు.

హుస్సేన్ బాషా షెడ్డు మా సందు మొదట్లోనే. పదహారేళ్లుగా మా ఇంజను పని ఆయనదే. ఇంట్లో మిగతావన్నీ నావి. ఫ్యాను, నీళ్ల మోటారు, గీజరు, వైరింగు. ఏదీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంజనొక్కటే మిగిలింది.

నవంబర్ 10, సోమవారం

5:30కి లేచాను. అంటే మెలకువ వచ్చింది. బండి దగ్గరికి చేరింది 5:55కి.

పరీక్ష 1: గొట్టాలు. జాయింట్ల మీద సబ్బునీళ్లు పోసి ఇంజను నడిపించాలి. బుడగ వచ్చినచోట గాలి పోతున్నట్టు. ఒకచోట బుడగ వచ్చింది. క్లిప్పు బిగించాను. చేపల రేవు దాకా వెళ్లి వచ్చాను. విజిల్ సగం తగ్గింది.

ఇంత సులువా? ఇరవై రోజులు మిగిలిపోయేలా ఉన్నాయి. వాటిలో ఏసీ సంగతి కూడా చూడాలి.

నవంబర్ 11, మంగళవారం

విజిల్ పూర్తిగా ఉంది. నిన్న రేవు గాలికి వినపడలేదు, అంతే.

టిఫిన్ దగ్గర జ్యోతిర్మయి అడిగింది. "కారుకేటైందండి?"

"చిన్న శబ్దం."

"నాకు లైసెన్సొచ్చిన వారానికే వచ్చిందేటి శబ్దం?"

నేను చట్నీ కలుపుకున్నాను. ఇంకో ఇడ్లీ వేసింది. అడక్కుండా వేసిందంటే ఇంకా అడగాల్సింది ఉందని.

నవంబర్ 12, బుధవారం

పరీక్ష 2: లక్షణాల పట్టిక.
విజిల్: ఉంది.
ఎత్తులో లాగకపోవడం: కొంచెం.
ఇంజను ఆయిల్ తగ్గడం: కొంచెం.
నీలం పొగ: లేదు.
కొంచెం అంటే అర మార్కు. నాలుగింట్లో రెండు. ఇంకా పాస్ మార్కులే.

కొత్త ఇబ్బంది. సందు మొదటి నుంచి వెళ్తే బాషాకి వినిపిస్తుంది. ఆయన చెవి అలాంటిది. కాబట్టి ఈ రోజు నుంచి వెనక దారి. అక్కడ బండి తిరగదు. ఉల్లిపాయల కొట్టు వెనకగా రివర్సులో పోవాలి. ఈ రోజు లారీ దిగుమతి నడుస్తోంది. ఇరవై నిమిషాలు ఆగాను. ఒక హమాలీ నన్ను కూడా దించుదామా అన్నట్టు చూశాడు.

నవంబర్ 13, గురువారం

దుర్గారావు వచ్చాడు. జ్యోతిర్మయి తమ్ముడు. స్టీల్ ప్లాంట్‌లో క్రేను నడుపుతాడు. బానెట్ కింద తల పెట్టి ఉన్న నన్ను చూసి స్కూటర్ ఆపాడు.

"ఏటి బావా, పొద్దున్నే బండికి దణ్ణమెడతన్నావా?"

"టర్బో."

"టర్బో పోయిందా?"

"పోలేదు. పోతోందో లేదో చూస్తున్నాను."

"పోతందో లేదో బాషా బాయికి సెవినేత్తే రెండు నిమిషాల్లో సెప్పీడా?"

నేను క్లిప్పు బిగిస్తూ ఉండిపోయాను. వాడు లోపలికి వెళ్లి కాఫీ తాగుతూ అక్కతో అంటున్నాడు. గొంతు తగ్గించే అలవాటు వాడికి లేదు.

"అప్పా, బండికేటీ అవనేదు. జొరమొచ్చింది బావకే. నువ్వు తాళం అడిగినప్పుడల్లా పెరుగుతాది సూడు."

ఇద్దరూ నవ్వారు. బిగించిన క్లిప్పు ఎక్కువ బిగిసింది. మళ్లీ వదులు చేశాను.

నవంబర్ 14, శుక్రవారం

నేను గుమస్తాగా పనిచేసే కొట్టులో గుంటూరు మిర్చి దిగింది. స్టాకు రాసేది నేనొక్కడినే. రాత్రి తొమ్మిది అయింది. పరీక్ష లేదు. ఇది లోపం కాదు, ఉద్యోగం.

నవంబర్ 15, శనివారం

వాన. బానెట్ తెరిస్తే ఇంజను తడుస్తుంది. (ఆరుకే ఆగింది. కానీ తడి ఉంటుంది కదా.)

నవంబర్ 16, ఆదివారం

జ్యోతిర్మయి నడిపింది. నేను పక్కన. ఉదయం 6:15, యారాడ కొండ.

బాగా నడుపుతోంది. రాయాలి కాబట్టి రాస్తున్నాను, నాకంటే మెత్తగా గేరు మారుస్తుంది. మిషను పెడలు మీద ఇరవై ఏళ్లు ఉన్న కాలు. నా వైపు బ్రేకు లేదు. అయినా నాలుగుసార్లు నొక్కాను.

రెండో మలుపులో బండి లాగడం మానేసింది. సెకండ్ గేరులో కూడా నడక వేగం. వెనక లారీ హారన్ ఆపడం లేదు. అద్దంలో చూశాను. నీలం పొగ. పట్టికలో లేదని రాసుకున్నది వెనకాలే వస్తోంది.

"నాను తప్పు సేసేనా?" అంది.

"లేదు."

"మరి బండెందుకు ఎక్కడం లేదు?"

"టర్బో."

"ఎప్పుడవుద్దండి అది?"

"అవుతుంది."

పైన బండి పక్కకు ఆపి దిగింది. సముద్రం వైపు చూస్తూ నిలబడింది. "పదిహేను రోజులుంది," అంది. నాతో అన్నట్టు లేదు. సముద్రానికి చెప్పినట్టు ఉంది.

నవంబర్ 17, సోమవారం

లేవలేదు. రాత్రి ఆలోచించాను కాబట్టి ఉదయం అవసరం పడలేదు.

నవంబర్ 18, మంగళవారం

వీడియోలు ఆరు. చూడటం కూడా పనే.

నవంబర్ 19, బుధవారం

ఉదయం 5:40. పరీక్ష 3: ఫిల్టర్ పెట్టె. మొదటి రోజే తెరవాల్సింది. ఏప్రిల్‌లో ఫిల్టర్ నేనే మార్చాను కాబట్టి అక్కడ తప్పు ఉండదనుకున్నాను.

పెట్టె తెరిచాను. ఫిల్టర్ తీశాను. దాని వెనక గుడ్డ ఉండాలి. సగమే ఉంది.

గుడ్డ సంగతి. వన్ టౌన్‌లో ఎండాకాలం నల్లదుమ్ము కిటికీల్లోంచి వస్తుంది. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒకటే పద్ధతి. కిటికీకి బయట ఇనప జాలీ, జాలీ వెనక తడిగుడ్డ. జాలీ దాటి వచ్చిన దుమ్ము గుడ్డకు అంటుకుంటుంది. ఏప్రిల్‌లో ఫిల్టర్ మారుస్తూ నేను ఇంజనుకు కూడా అదే పద్ధతి పెట్టాను. ముందు ఫిల్టర్, వెనక గుడ్డ. తడిపి, పిండి, నాలుగు వైపులా సర్ది. అప్పుడు చాలా మంచి ఆలోచన అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. మంచి ఆలోచనలు చెప్పుకునే అలవాటు నాకు లేదు.

కిటికీలో ఉన్నది గాలి. ఇంజనులో ఉన్నది లాగుడు. తేడా నాకు ఈ రోజు తెలిసింది.

గుడ్డ గాలికి అడ్డుపడింది. గాలి అందక టర్బో ఆయిల్‌ను లాగింది. అదే నీలం పొగ. చిరిగిన సగం గొట్టంలోంచి పోయి లక్షసార్లు తిరిగే ఫ్యాను మీద పడింది. అదే విజిల్.

టర్బో పాడవలేదు. నేను పాడుచేశాను.

మిగిలిన సగం గుడ్డ తీయాలి. చేయి పెట్టాను. మెట్లమీద జ్యోతిర్మయి చెప్పుల చప్పుడు వినబడింది. ఫిల్టర్ ఎలా ఉందో అలాగే పెట్టేసి మూత మూశాను.

నవంబర్ 20, గురువారం

రాయడానికి ఏమీ లేదు.

నవంబర్ 21, శుక్రవారం

గొట్టం విప్పాను. జ్యోతిర్మయి కనుబొమ్మల పట్టకారుతో దారాలు లాగాను. తొమ్మిది పోగులు వచ్చాయి. ఇంకా లోపల ఉన్నాయి. ఫ్యాను రెక్కలు రెండు వంగాయి. ఇరుసును వేలితో కదిపితే అటూ ఇటూ కొంచెం ఊగడం మామూలేనట. ముందుకూ వెనక్కూ కదలకూడదట. కదులుతోంది.

పట్టకారు కడిగి దాని చోట పెట్టాను. సాయంత్రం అద్దం ముందు నుంచి గొంతు: "ఏటండీ, దీనికి డీజిలు కంపేటి?"

నవంబర్ 22, శనివారం

"పార్టు ఎప్పుడొత్తాదండి?"

"మద్రాసు నుంచి రావాలి."

నేను ఏ పార్టుకూ ఆర్డరు ఇవ్వలేదు. ఏ ఊరికీ ఫోన్ చేయలేదు. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఆమెకు చెప్పనివి చాలా ఉన్నాయి. లేనిది చెప్పడం ఇదే మొదలు.

నవంబర్ 23, ఆదివారం

ప్రాక్టీసు లేదు. బండి కదపలేదు. మధ్యాహ్నం గంటన్నర నిద్ర. ఈ నాలుగు రోజులుగా రాత్రిళ్లు కూడా నిద్ర బాగా పడుతోంది. ఎందుకో తెలియదు. తెలిసినా ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 24, సోమవారం

జ్యోతిర్మయి చెప్పకుండా వెళ్లింది. బస్సులో ఎంతసేపు పడుతుందో చూసుకోవడానికి. 5:20కి బయలుదేరితే గాజువాకలో ఒక బస్సు మారి, అక్కడి నుంచి నిలబడి, చివర ఆటో ఎక్కి, కంపెనీ గేటు చేరేసరికి 8:35.

మధ్యాహ్నం వచ్చింది. కాళ్లు కడుక్కుంది. అన్నం తినలేదు. మిషను మీద కప్పిన గుడ్డ తీసి, నూనె వేసి, పక్కింటి దుర్గను పిలిచింది.

"ఏలే దుర్గా, నీ జాకెట్లు ఎవలికీ ఇయ్యీలేదు కదా? పట్రా. నాను కుడతాను."

"నీకు ఉద్దోగం కదప్పా?"

"అవ్వదులే అది."

నేను వసారాలో కూర్చుని ఉన్నాను. చేతిలో స్పానర్ ఉంది. బిగించడానికి ఏమీ లేదు.

లోపలికి వెళ్లి చెప్పాలి. లేచాను. నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. మళ్లీ నీళ్లు. రాత్రి పడుకునేసరికి బిందె సగమైంది, మాట మాత్రం బయటికి రాలేదు.

తీర్మానం రద్దు.

నవంబర్ 25, మంగళవారం

6:10కి బండిని సందు మొదటి వైపే నడిపించాను. బాషా షెడ్డు ముందు ఆపాను. ఆయన పళ్లు తోముకుంటున్నాడు.

"సలాం గవర్రాజు గారూ. ఈయేల ముందు నుంచి వొచ్చారేటి?"

నేను దిగి నిలబడ్డాను.

"పదమూడు దినాల నుంచి ఇంటన్నాను," అన్నాడు. "ఉల్లిపాయల కొట్టు ఎనకాల గోడ ఎవలదనుకున్నారు? మా వొంటిల్లే. మీ విజిలు ఇనపడగానే మా ఇంటామె షరీఫున్నీసా పాలు పొయ్యి మీద పెడతంది. మీరు రాని దినాన లేటైపోతంది మాకు టీ."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు రివర్సులో పోతన్నారంటే నాకు సెప్పడం ఇష్టం నేదనే కదా. మద్దెలో నానెందుకు?"

బానెట్ ఎత్తాడు. ఫిల్టర్ పెట్టె తెరిచాడు. రెండు వేళ్లతో సగం గుడ్డ బయటికి తీశాడు. నల్లగా, ఆయిల్ కారుతూ. కాసేపు దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"యా అల్లా. ఇదేటండీ, మీ ఇంజను బట్ట కట్టుకుంటాదా?"

నోరు తెరిచాను. అప్పుడే జ్యోతిర్మయి వచ్చింది. బండి ముందు దారిలో వెళ్లడం మేడ మీది నుంచి చూసిందట. గుడ్డను బాషా చేతిలోంచి తీసుకుంది. అంచును బొటనవేలితో రుద్దింది. నలుపు పోయి అరంగుళం కుట్టు కనబడింది.

"మల్లు గుడ్డ," అంది. "నా పాత లంగాది. వేసంగిలో కిటికీకి కట్టడానికి చింపేను. ఈ కుట్టు నాదే."

బాషా వెళ్లి నోరు పుక్కిలించి వచ్చాడు. చాలాసేపు పుక్కిలించాడు.

"మీకు ఎప్పుడు తెలిసిందండి?" అంది నాతో.

"బుధవారం."

"మొన్న బుధవారమా?"

తల ఊపాను. గుడ్డను మడత పెట్టింది. పాడైపోయిన గుడ్డను కూడా నాలుగు మడతలు వేసింది. బండి మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

నవంబర్ 26, బుధవారం

జ్యోతిర్మయి మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, కూర వేస్తుంది. మాట లేదు. ఇంట్లో మాట్లాడని మనిషి ఒకరైతే సరిపోతుంది. ఇద్దరైతే ఫ్యాను చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇరవై నాలుగేళ్లు ఆమె దీన్ని ఎలా భరించిందో.

బాషా టర్బో విప్పాడు. బయటి డొప్ప బాగానే ఉంది. లోపలి ఇరుసూ రెండు ఫ్యాన్లూ కలిపి కాట్రిడ్జ్ అంటారు. అది మార్చాలి. రెండు రోజుల్లో వస్తుంది. నిజంగానే ఆర్డరు ఇచ్చాడు. ఫోన్ చేస్తుండగా నేను విన్నాను.

నవంబర్ 27, గురువారం

దుర్గారావు ఫోన్. "బావా, ఇంజనుకి లంగా కట్టేవట కదా? మా క్రేనుకి కూడా ఒకటి పంపు, సలికి వొణుకుతంది." స్టీల్ ప్లాంట్‌లో రెండో షిఫ్టు వరకు ఈ వార్త వెళ్లినట్టుంది. వాడి వెనక ఎవరో నవ్వుతున్నారు.

జ్యోతిర్మయి: మాట లేదు.

దుర్గ జాకెట్లు మిషను పక్కన అలాగే ఉన్నాయి. ఇంకా కత్తెర పెట్టలేదు. అది చూసి కొంచెం ధైర్యం వచ్చింది.

నవంబర్ 28, శుక్రవారం

కాట్రిడ్జ్ వచ్చింది. జుమ్మా నమాజు అయ్యాక బాషా పని మొదలుపెట్టాడు. నేను కొట్టుకు సెలవు పెట్టాను. పక్కన నిలబడితే స్పానర్ చేతికిచ్చాడు.

"సూత్తా ఎందుకు? పట్టండి."

"నాకు రాదు."

"రాదని నాకు తెలుసు. మీకు తెలిసిందా అని అడుగుతన్నాను."

తెలిసింది అన్నాను. అప్పుడు నేర్పాడు. పాత టర్బో ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది బిగిస్తే అదీ పోతుందట. అందుకే గొట్టాలన్నీ విప్పి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కడిగి, దారం పోగు ఒక్కటి కూడా లేకుండా తీశాం. నా పట్టకారుకు తొమ్మిది వచ్చాయి. ఆయన కడిగితే ముప్ఫై వచ్చాయి. టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నగొట్టంలో మడ్డి ఉంది. దాన్ని కడిగింది నేనే. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి.

పదహారేళ్లలో మేమిద్దరం ఇంత మాట్లాడుకోలేదు. ఎక్కువ ఆయనే మాట్లాడాడు. కానీ నేను రెండు ప్రశ్నలు అడిగాను. రెండూ మంచివే అన్నాడు.

నవంబర్ 29, శనివారం

బిగింపు పూర్తి. స్టార్ట్ చేసే ముందు కాట్రిడ్జ్‌లో చేత్తో ఆయిల్ పోసి వేలితో ఇరుసు తిప్పాలి. "పొడి గొంతుతో పాట పాడమంటే పాడతాదా?" అన్నాడు బాషా. ఇంజను పది నిమిషాలు ఊరికే నడిపాం. లీకు లేదు. పొగ లేదు.

యారాడ కొండ, సాయంత్రం 5:10. బాషా నడిపాడు. థర్డ్ గేరులో ఎక్కింది. విజిల్ లేదు.

నవంబర్ 30, ఆదివారం

తాళం టేబుల్ మీద పెట్టాను. ఆమె తీసుకోలేదు. మిషను ముందు కూర్చుని నా వైపు తిరిగింది. అయిదు రోజుల తర్వాత మాట.

"నాను ఎల్లకూడదనే సేసేరా?"

"గుడ్డ పెట్టినప్పుడు కాదు."

"మరి?"

ఇక్కడ నేను మామూలుగా లేచి వెళ్లిపోతాను. లేవలేదు.

"బుధవారం తెలిసింది. ఆ వేళే బాషా దగ్గరికి వెళ్తే రెండు రోజుల పని. వెళ్లలేదు. ఆ ఆరు రోజులూ నాకు నిద్ర బాగా పట్టింది."

ఆమె స్టూలు నా వైపు జరుపుకుంది.

"ఏటి మీ భయం?"

"గాజువాక రోడ్డు. ట్రైలర్లు."

"ఉక్కు చుట్టలెత్తుకుని పోయేవా?"

"ఊఁ."

"నాకూ భయమేనండి. అవి పక్కనుంచెల్తే కాళ్లు వొణుకుతాయి. అడిగితే సెప్పుదును కదా. భయమని ఇద్దరం సెప్పుకుంటే అయిపోను. దానికి టర్బో తినేసేరు మీరు."

అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కానీ ఆమె నవ్వడం ఆగేదాకా అక్కడే కూర్చున్నాను.

తాళం తీసుకుంది. "రేపు నాతో రావద్దు," అంది.

సరే అన్నాను.

దుర్గ జాకెట్లు దుర్గకు తిరిగి ఇచ్చేసింది.

డిసెంబర్ 1, సోమవారం

6:05. బయలుదేరింది. సందు మొదట బాషా నిలబడి ఉన్నాడు. బండి దాటేటప్పుడు కళ్లు మూసుకుని విన్నాడు. బొటనవేలు ఎత్తాడు.

6:30. సింధియా దాటి ఉండాలి.
6:50. గాజువాక.
7:00. ఇంకా గాజువాక అనుకుంటాను.
7:10. కొట్టు తెరిచారు. చింతపండు బస్తాలు మిర్చి కింద రాశాను. కొట్టేసి మళ్లీ రాశాను. మళ్లీ మిర్చి కిందే.
7:41. ఫోన్.

"వొచ్చేసేను."

"విజిల్?"

"నేదు."

"ట్రైలర్లు?"

"నాలుగు. నానే దాటేను రెండింటిని."

కాల్ పదకొండు సెకన్లు అని ఫోన్ చూపించింది. సాయంత్రం వరకు సరిపోయింది.

డిసెంబర్ 6, శనివారం

వారం పూర్తి. ఆరు రోజులూ ఎనిమిదిలోపే గేటు. ఆమె లైనులో ఎవరికో దారం తెగుతుంటే సూది మార్చమని చెప్పిందట. మెకానిక్‌ను పిలవకుండా పని జరిగిందట. రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ విన్నాను.

సాయంత్రం దిగుతూ అంది. "అరవై దాటితే ఎడం పక్కన టక్ టక్ మంటందండి."

వెంటనే టార్చి తీసుకున్నాను. రేవు దాకా నడిపి చూశాను. అరవై దాటించాను. ఏమీ లేదు. బాషాను ఎక్కించుకుని ఇంకోసారి. కళ్లు మూసుకుని విన్నాడు. ఏమీ లేదు. ఇంటి ముందు దిగి జ్యోతిర్మయిని చూశాడు, నన్ను చూశాడు, గడ్డం గోక్కుంటూ వెళ్లిపోయాడు.

"నాకు వినబడలేదు," అన్నాను.

"నాను నడిపితేనే వొత్తాది."

"ఎప్పుడు వస్తుంది?"

"సెప్పలేం. రేపు ఎలమంచిలి దాకా ఎల్దాం. మీరు పక్కన కూకుని ఇనండి."

అరవై దాటితే, ఎడమ పక్కన, ఆమె నడిపితేనే. అలాంటి శబ్దం ఏ వీడియోలోనూ లేదు. ఎంత ఆలోచించినా ఏ భాగం నుంచి వస్తుందో తేలడం లేదు. లోపల ఆమె రేపటికి పులిహోర కలుపుతూ దుర్గతో నవ్వుతోంది.

తీర్మానం: రేపటి నుంచి ఇరవై ఒక్క రోజుల్లో టక్ టక్ కనిపెట్టాలి.

ఉదయం 6:00. ఆమె నడపాలి. నేను ఎడమ సీట్లో. చేతిలో స్పానర్ ఉండకూడదు.

‘రోజుల్లో’ అన్నది కొట్టేశాను. ఆదివారం ఒక్కటే సెలవు కాబట్టి అన్ని రోజులు కుదరవు. ఇరవై ఒక్క ఆదివారాలు అని రాశాను. రేపే దొరక్కపోయినా తొందర లేదు.